రీసెర్చ్ నిధుల సలహా బోర్డుకి చీటీలేసి మనుషుల్ని తీయొచ్చా?

రొయ్యల జబ్బుల రీసెర్చ్‌కి డబ్బులిచ్చే సలహా బోర్డు సభ్యుల్ని చీటీలేసి తీస్తే న్యాయమేనా అని అడిగారు. ఉత్త చీటీలు చాలవండీ, ముందు వడపోత ఉండాలి. మన నెల్లూరుకి దక్షిణాన, కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరులో సుమారు 920 నాటి చోళ శాసనం ఉంది: ఊరి సభ కమిటీలకి మనుషుల్ని ఎంచడానికి తాటాకుల మీద పేర్లు రాసి, కుండలో వేసి, చిన్నపిల్లాడితో తీయించేవాళ్లు, కానీ గత 3 ఏళ్లలో పదవి చేసినవాళ్లు, లెక్కలు చెప్పనివాళ్లు, అలా లెక్కలు చెప్పనివాళ్ల దగ్గరి బంధువుల పేర్లు అసలు కుండలోకే రావు (పొలం లేనివాళ్లకీ చోటు లేదు, అది మాత్రం కాపీ కొట్టకండి). మనకైతే మేత కంపెనీల జీతగాళ్లు, అదే నిధికి అప్లై చేసినవాళ్లు ముందే పక్కకి. సైంటిస్టులకి ఒక కుండ, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువులు చేసే రైతులకి ఇంకో కుండ విడిగా పెట్టండి, లేకపోతే అంతా ప్రొఫెసర్లే వచ్చి కూర్చుంటారు.