బొమ్మల పీరియడ్‌కు బడ్జెట్‌లో చోటు ఎలా సాధించాలి?

ప్రశ్న: మా నగరంలోని ప్రభుత్వ బడుల్లో డ్రాయింగ్, సంగీతం నేర్పే టీచర్లు దాదాపు కనబడరు. కొందరు తల్లిదండ్రులం కలిసి అధికారుల దగ్గరికి వెళ్లాలనుకుంటున్నాం. ఏమని అడగాలి?

జవాబు: "కళలను ప్రోత్సహించండి" అని మాత్రం అడగకండి. ఆ మాటను ఎవరూ కాదనరు, దానికి పైసా కూడా విదల్చరు. టీచరు పోస్టు అడగండి. ఆ జీతానికి బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు అడగండి. ఎన్ని పోస్టులు కావాలో లెక్క కట్టుకునే వెళ్లండి. ఒక టీచరు వారానికి 25 పీరియడ్లు చెప్పగలరనుకుందాం. సెక్షన్‌కు రెండేసి పీరియడ్లంటే 12 సెక్షన్లు అవుతాయి. సెక్షన్‌కు 40 మంది చొప్పున 480 మంది పిల్లలు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరవాసులు 2012లో ఓటేసి తెచ్చుకున్న కళల పన్నులోనూ ఇంచుమించు ఇదే కొలత ఉంది. అక్కడ ప్రాథమిక బడుల్లో 500 మందికి ఒక టీచరు.

విడి పద్దు ఎందుకు కావాలో న్యూయార్క్‌ను చూస్తే తెలుస్తుంది. 1997 నుంచి అక్కడి బడులకు కళల కోసమే ఖర్చు చేయాల్సిన నిధి ఉండేది. 2007లో ఆ షరతు ఎత్తేసి, డబ్బు ఎలా వాడాలో ప్రిన్సిపాళ్లకే వదిలేశారు. 2014లో నగర కంప్ట్రోలర్ (నగర ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే అధికారి) లెక్క తీస్తే, ప్రతి ఐదు బడుల్లో ఒకదానిలో అర్హత ఉన్న కళల టీచరు ఒక్కరూ లేరు. ఇందులో ప్రిన్సిపాళ్లను తప్పుపట్టలేం. మార్కులతో బడిని తూచేచోట, ఎటైనా వాడుకోదగ్గ డబ్బు పరీక్ష ఉన్న సబ్జెక్టులకే పోతుంది.

షరతులు ఎలా రాయాలో చూడాలంటే, కాలిఫోర్నియా ఓటర్లు 2022 నవంబరులో ఆమోదించిన ప్రొపొజిషన్ 28 అనే కళల విద్యా నిధి చట్టం మంచి నమూనా. 500 మంది, అంతకు మించి విద్యార్థులున్న స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థలు) ఆ నిధిలో కనీసం 80 శాతం సిబ్బందికే ఖర్చు పెట్టాలి. పరిపాలన ఖర్చు 1 శాతం దాటకూడదు. ఇప్పటికే పెడుతున్న ఖర్చును తగ్గించకుండా, ఈ డబ్బును దానికి అదనంగా వాడాలి. మీ వినతిపత్రంలో ఈ చివరి షరతును ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. అది లేకపోతే పాత డబ్బు వెనక్కి లాగి, కొత్తది ఆ స్థానంలో పెడతారు. కాగితం మీద నిధి పెరుగుతుంది, తరగతిలో ఏమీ మారదు.

వెళ్లేముందు మూడు కాగితాలు రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోండి: మంజూరైన, భర్తీ అయిన పోస్టుల జాబితా, బడుల టైమ్‌టేబుళ్లు, గత మూడేళ్లలో సామగ్రికి పెట్టిన ఖర్చు. టైమ్‌టేబుల్లో పీరియడ్ ఉన్నా, సెలవు పెట్టిన మరో టీచరు తరగతికి డ్రాయింగ్ టీచర్నే పంపుతుంటారు. అందుకే పీరియడ్ నిజంగా జరుగుతోందా అని పిల్లల్ని అడగండి. జీతాలు ఎవరిస్తారు, సామగ్రి ఎవరు కొంటారు అన్నదీ ముందే తెలుసుకోండి. చాలాచోట్ల ఈ రెండూ వేర్వేరు కార్యాలయాల చేతుల్లో ఉంటాయి. ముసాయిదా బడ్జెట్ బయటికి రాకముందే, శాఖలు ప్రతిపాదనలు తయారుచేసే దశలోనే కలవండి. సభలో ఓటింగు నాటికి అంకెలు చాలామటుకు ఖరారైపోతాయి.

ప్రశ్న: కళలు నేర్పితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని చెప్పవచ్చా?

జవాబు: వద్దు. ఒక్క అధికారి ఆధారం అడిగితే మీ వాదన అక్కడే ఆగిపోతుంది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 42 బడులను లాటరీ పద్ధతిలో విడదీసి చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. కళల కార్యక్రమాలు పెరిగిన బడుల్లో క్రమశిక్షణ చర్యలకు గురైన పిల్లల వాటా 3.6 శాతం పాయింట్లు తగ్గింది. రాతలో మార్కులు మెరుగయ్యాయి. లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అయినా చదువంటే మార్కులొక్కటేనా? బొమ్మ గీయడం, గొంతు కలిపి పాడటం ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ అందాల్సినవే. ఇంట్లో డబ్బు పెట్టి నేర్పించలేని వారికి బడి ఒక్కటే దారి.

ప్రశ్న: ఒక దాత వాద్యాలు ఇస్తానంటున్నారు. ఇక ప్రభుత్వ నిధి అవసరమా?

జవాబు: తీసుకోండి, కానీ పోస్టు అడగడం మానకండి. నేర్పేవారు లేకపోతే వాద్యాలు బీరువాలోనే ఉండిపోతాయి. వయొలిన్ తీగలు తెగుతాయి, డ్రమ్ము తోలు చిరుగుతుంది, రంగులూ కాగితాలూ ఏటా అయిపోతాయి. ఈ ఖర్చును ఒక్కసారి కొనుగోలు కింద కాక, ఏటా వచ్చే పద్దులో చేర్పించాలి. తాళం వేసుకోగల గది, రంగుల తరగతికి కుళాయీ నీళ్లు పోయే దారీ ఉన్నాయా చూడండి. మరమ్మతు ఎవరి బాధ్యతో దాత ఇచ్చే లేఖలోనే రాయించుకోండి.