ఎంబసీ వాళ్లు భోజనానికి పిలిస్తే వెళ్లొచ్చా?

తమ్ముడూ, వాషింగ్టన్‌లో థింక్ ట్యాంక్‌లో, అంటే ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసి రిపోర్టులు రాసే సంస్థలో, చేరి నాలుగు నెలలైందనీ, ఒక ఎంబసీ అధికారి ఇప్పటికే మూడుసార్లు భోజనానికి తీసుకెళ్లాడనీ, ఇందులో తప్పుందా అనీ అడిగావు. భోజనం తప్పు కాదు. ఈ నాలుగు నెలల్లో అతనితో తప్ప ఇంకెవరితోనూ కూర్చుని తినలేదని చివర్లో రాశావే, నాకు అక్కడ భయం వేసింది.

2005లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరినప్పుడు నేను డుపాంట్ సర్కిల్ దగ్గర బేస్‌మెంట్ గదిలో ఉండేదాన్ని. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తే మళ్లీ సోమవారం దాకా నోరు తెరిచే పని ఉండేది కాదు. ఫోన్ చేస్తే అమ్మ ఏడుస్తుందని గుంటూరుకు కూడా చేసేదాన్ని కాదు. అలాంటప్పుడు ఒక సెమినార్‌లో ఒక ఎంబసీ సెకండ్ సెక్రటరీ (మధ్యస్థాయి దౌత్యాధికారి) వచ్చి, నా వ్యాసం చదివానంది. అంతవరకు ఆ ఊళ్లో నేను రాసింది చదివానన్నవాళ్లే లేరు. నెలకోసారి లంచ్‌కి తీసుకెళ్లేది. నా పుట్టినరోజు గుర్తుపెట్టుకుని శాలువా ఇచ్చింది. ఆరు నెలలు ఏమీ అడగలేదు. ఏడో నెలలో, వాళ్ల దేశానికి ఆయుధాలు అమ్మడం మీద మా సంస్థ రాస్తున్న రిపోర్టు ఎటు మొగ్గుతోందని అడిగింది. నేను ఏకంగా డ్రాఫ్టే పంపించాను.

పది రోజులకు వాళ్ల రాయబారి మా డైరెక్టర్‌కు ఫోన్ చేశాడు. ఇంకా అచ్చే కాని పేరా మీద అభ్యంతరం! డ్రాఫ్ట్ చూసింది నలుగురమే. నేనే వెళ్లి ఒప్పుకున్నాను. ఉద్యోగం ఉంచారు గానీ ఏడాదిపాటు ఏ డ్రాఫ్టూ నా చేతికి ఇవ్వలేదు. ఆవిడ మళ్లీ నా ఫోన్ ఎత్తలేదు. నన్ను ఎక్కువ ఏడిపించింది అదే.

అయినా అదే ఊళ్లో నిలబడ్డాను. ఇప్పుడు రిపోర్టులు నేను సరేనన్నాకే బయటికి వెళ్తాయి.

పెద్ద సంస్థలకైతే నేరుగా డబ్బే వస్తుంది. ఖతర్ 2013లో బ్రూకింగ్స్ అనే వాషింగ్టన్ థింక్ ట్యాంక్‌కు నాలుగేళ్లకు 1.48 కోట్ల డాలర్లు ఇస్తానందని న్యూయార్క్ టైమ్స్ 2014లో రాసింది. మనలాంటి చిన్నవాళ్ల దగ్గరికి స్నేహంగానే వస్తారు. దౌత్యవేత్తలే రావాలనీ లేదు. 2020లో వాషింగ్టన్ కోర్టులో నేరం ఒప్పుకున్న సింగపూర్ పౌరుడు డిక్సన్ యో కథ చదువు. బీజింగ్‌లో ప్రసంగించడానికి వెళ్లినప్పుడు, థింక్ ట్యాంక్ వాళ్లమని చెప్పుకుంటూ అతన్ని కలిసింది చైనా గూఢచారులు. తర్వాత అతను లింక్డ్‌ఇన్‌లో అమెరికన్లను వెతికి, ఆ గూఢచారులకు అందించడానికి రిపోర్టులు రాయించాడు. ఉద్యోగం మీద అసంతృప్తి, డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు చిక్కారు. మీ తరం ఎంత తెలివైనవాళ్లయినా, దిగులుగా ఉన్నామని ఆన్‌లైన్‌లో అందరికీ చెప్పేసుకుంటారు.

చట్టం సంగతంటావా, విదేశీ ప్రభుత్వం తరఫున పనిచేసేవాళ్లు నమోదు చేసుకోవాలన్నది 1938 నుంచీ ఉంది. వివరాలు జస్టిస్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో చూసుకో. వీసా సంగతి మీ ఆఫీసు లాయర్‌ని అడుగు.

అతను నాలుగోసారి పిలిస్తే, ముందురోజే మీ బాస్‌కు మెయిల్ పెట్టి వెళ్లు. నీ బిల్లు నువ్వే కట్టు. డ్రాఫ్టుల మాట వస్తే, అచ్చయ్యాక చదవండి అని చెప్పు. ఆదివారం మాత్రం గదిలో ఉండకు. మేరీలాండ్‌లో లాన్‌హామ్ శివవిష్ణు గుడికి రా. క్యాంటీన్‌లో దోసె తీసుకుని, తెలుగు వినపడే బల్ల దగ్గర కూర్చో. నేను చాలా ఆదివారాలు అక్కడే ఉంటాను.