కాగితపు పట్టీలతో వంపులు అల్లడం

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

కాగితం సాగదు. లాగితే ముడతపడుతుంది. అందుకని వంపు తెప్పించాల్సింది బలంతో కాదు, అల్లికలో పట్టీల మధ్య వచ్చే ఖాళీల, అంటే కళ్ల, లెక్కతో. మూడు దిక్కుల పట్టీలతో అల్లేటప్పుడు ప్రతి కన్నుకూ ఆరు భుజాలుంటే అల్లిక చదునుగా పరుచుకుంటుంది. ఒక కన్ను అయిదు భుజాలతో వస్తే అక్కడ 60 డిగ్రీలు తగ్గి ఉబ్బుతుంది. ఏడు భుజాలతో వస్తే 60 డిగ్రీలు ఎక్కువై గుర్రపు జీనులా తిరుగుతుంది. బంతి మూసుకోవాలంటే మొత్తం 720 డిగ్రీలు తగ్గాలి. అందుకే ఏడు భుజాల కళ్లు లేకుండా ఎంత పెద్ద బంతి అల్లినా అయిదు భుజాల కళ్లు సరిగ్గా 12.

ముందు చిన్న బంతి చెయ్యి. 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల బరువున్న) ఏ4 కాగితం ఒకటి చాలు. జిరాక్స్ కాగితం జారిపోతుంది, మరీ మందం అట్ట విరుగుతుంది. 1.3 సెం.మీ. వెడల్పు, 28.8 సెం.మీ. పొడవుతో ఆరు పట్టీలు కత్తిరించు. ప్రతి 2.4 సెం.మీ.కూ గీత పెట్టి, కొసలతో కలిపి 0 నుంచి 12 దాకా అంకెలు వెయ్యి. పట్టీలు ఒకదాన్నొకటి దాటేది ఈ గీతల మీదే. బేసి గీత దగ్గర పట్టీ పైన, సరి గీత దగ్గర కింద. ఈ ఒక్క నియమం తప్పకపోతే చాలు.

అయిదు పట్టీల్లో ఒక్కోదాని 5వ గీతను పక్కదాని 6వ గీత మీద పెట్టుకుంటూ మధ్యలో అయిదు భుజాల కన్ను పెట్టు. 7వ గీతలు 4వ గీతల మీదికి వచ్చి నక్షత్రం అవుతుంది. ప్రతి దాటుకూ చిన్న క్లిప్పు పెట్టు, జిగురు వద్దు. ఆరో పట్టీని నడుముకు కట్టినట్టు పది కొసల్లోంచి తిప్పు. అది మిగతావాటిని 3, 8 గీతల దగ్గర దాటుతుంది. కింద కూడా అదే నక్షత్రం వస్తుంది. ప్రతి పట్టీలోనూ చివరి రెండు గళ్లు (గీతల మధ్య భాగాలు) మొదటి రెండు గళ్ల మీద పడి, 12వ కొస పైపట్టీ కింద దాక్కుంటుంది. ఏడున్నర సెంటీమీటర్ల బంతి తయారు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఒక పట్టీని ఒక్కసారిగా బిగిస్తే దాటు దగ్గర మడత పడుతుంది, ఆ మడత పోదు, పట్టీ మార్చాల్సిందే. నక్షత్రం నుంచి బయటికి అన్నిటినీ కొంచెం కొంచెంగా బిగించు. తర్వాత త్రికోణాలు చూడు: ఇరవైలోనూ మూడు పట్టీలు ఒకే వైపు తిరిగి పెనవేసుకోవాలి. ఏదైనా ఎదురు తిరిగితే అక్కడ పైకిందులు మారాయన్నమాట.

జీను ఆకారానికి ఏడు పట్టీలతో మొదలుపెట్టి చుట్టూ ఆరు భుజాల కళ్లు అల్లు. బల్ల మీద కాదు, చేతుల్లోనే; అదిమితే అంచులు ముడతపడతాయి. వడ ఆకారం కావాలంటే వెలుపల అయిదు భుజాల కళ్లు ఎన్నో, లోపల ఏడు భుజాలవి అన్నే ఉండాలి, లేకపోతే కొసలు కలవవు.

నీ పెదనాన్న