స్టీరింగ్ వణికితే ముందుగా చూడాల్సింది చక్రాలనే

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక ఉపాధ్యాయుడు): రెండు నెలల క్రితం 2016 నాటి పెట్రోల్ కారు కొన్నాను. 72,000 కిలోమీటర్లు తిరిగిన బండి. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. నార్కట్‌పల్లిలో హైవే ఎక్కి 85 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, 100 దాటితే కొంత తగ్గుతుంది. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను. స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలను తిప్పే భాగం) మార్చాలని, 18,000 రూపాయలు అవుతుందని షెడ్డులో అంటున్నారు. మార్చమంటారా? ఫోనుతో ఏమైనా తెలుసుకునే వీలుందా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. ఒక వేగం దగ్గర మొదలై, ఇంకో వేగం దాటాక తగ్గే వణుకు చాలా సందర్భాల్లో చక్రాల నుంచే వస్తుంది. రాక్ అరిగితే గుంతల్లో టకటకమంటుంది, స్టీరింగ్ వదులుగా తిరుగుతుంది. మీరు ఈ రెండూ రాయలేదు.

అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా ఈ వణుకు పోదు. అది చక్రాలు నిలబడే కోణాన్ని సరిచేసే పని. కారు ఒక పక్కకు లాగుతున్నా, టైరు ఒక అంచునే అరుగుతున్నా దానితో ప్రయోజనం. మీకు కావలసింది బ్యాలెన్సింగ్. చక్రం చుట్టూ బరువు సమానంగా లేకపోతే రిమ్ముకు చిన్న చిన్న బరువులు అతికించి సరిచేస్తారు. ఆ బరువు ఒకటి రాలిపోయినా హైవే మీద స్టీరింగ్ చెప్పేస్తుంది.

షెడ్డుకు వెళ్లే ముందు రిమ్ము లోపలి వైపు చూడండి. గత వానాకాలంలో పొలం చూసి వస్తూ ఎదురు లారీకి దారివ్వడానికి కారును రోడ్డు అంచున బురదలోకి దించాను. మర్నాడు 80 దగ్గర స్టీరింగ్ ఊగిపోయింది. రిమ్ము వెనుక చెయ్యి పెట్టి తడిమితే అరచేతి మందాన బురద ఎండి, రాయిలా అతుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకి, నీళ్లు కొట్టి కడిగాను. వణుకు పోయింది. పైసా ఖర్చు కాలేదు. బురద అంటిన రిమ్ముతోనే బ్యాలెన్సింగ్ చేస్తే, తర్వాత ఆ మట్టి రాలినప్పుడు లెక్క మళ్లీ తప్పుతుంది. అందుకే ముందు కడగమని పట్టుబట్టండి.

రాక్ మార్చమన్న వారిని ఒక్క పరీక్ష చేయమని అడగండి. ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకు వేయించి, మళ్లీ అదే రోడ్డు మీద, అదే వేగంతో నడపండి. వణుకు స్టీరింగ్‌లో పోయి సీటు కింద తెలిస్తే తప్పు రిమ్ముదో టైరుదో. రాక్‌తో పని లేదు. బ్యాలెన్సింగ్ యంత్రం మీద చక్రం తిరుగుతున్నప్పుడు పక్కనే నిలబడి చూడండి. రిమ్ము అంచు పాములా మెలికలు తిరిగితే అది వంగిందన్నమాట. దానికి ఎన్ని బరువులు అతికించినా ఫలితం ఉండదు.

ఇక ఫోను సంగతి. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తయారైన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోనులోని కదలికల సెన్సర్‌ను వాడుకుని, కంపనం సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో గీతగా చూపిస్తుంది. టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, కారును ఒక చుట్టు నెట్టి, ఎంత దూరం కదిలిందో టేపుతో కొలవండి. 165/80 ఆర్14 సైజు టైరుకు అది దాదాపు 1.95 మీటర్లు. 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 13 సార్లు తిరుగుతోంది. గీతలో శిఖరం 13 దగ్గరో, దానికి రెట్టింపుగా 26 దగ్గరో కనిపిస్తే వణుకు చక్రానిదే. అదే సమయంలో ఇంజన్ మీటరు నిమిషానికి 2,400 చుట్లు చూపిస్తే ఇంజన్ సెకనుకు 40 సార్లు తిరుగుతోందని అర్థం. అంకెలు ఇంత దూరంగా ఉంటాయి కాబట్టి ఏది దేనిదో పొరబడే అవకాశం తక్కువ. ఫోనును గేరు పక్కన కదలకుండా బిగించండి. చూడాల్సింది పక్క సీట్లోని వారే. నడిపేవారు దాన్ని ముట్టుకోనే కూడదు.

ఇంకొకటి, దీన్ని మాత్రం ఈరోజే చూడండి. టైరు పక్క గోడ మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైనదని. మీ బండి ఇంకా మొదటి టైర్ల మీదే తిరుగుతూ ఉండవచ్చు. పక్క గోడపైన గానీ, నేలను తాకే భాగంలో గానీ ఎక్కడైనా బొడిపెలా ఉబ్బితే లోపలి పొరలు విడిపోతున్నాయన్నమాట. వణుకు దానివల్ల కూడా వస్తుంది. అలాంటి టైరుతో పంతంగి టోల్‌ప్లాజా దాకా కూడా వెళ్లవద్దు. పిల్లలు ఎక్కే బండి. టైరు మార్చాకే హైవే ఎక్కండి.

ప్రశ్న (అచ్చంపేట): దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగుతుంటే బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగ్, పెడల్ రెండూ అదురుతున్నాయి. బ్రేకు వదిలితే ఏమీ లేదు. ఇది కూడా బ్యాలెన్సింగ్ సమస్యేనా?

జవాబు: కాదు, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కులది. బ్రేకు తొక్కినప్పుడే వస్తే ముందుగా అనుమానించాల్సింది వాటినే. డిస్కు మందం అంతటా ఒకేలా లేకపోతే దాన్ని నొక్కే ప్యాడ్లు పట్టి వదిలినట్టు అవుతుంది. అదే పెడల్‌లో అదురుగా తెలుస్తుంది. ఎంత మందం వరకు వాడవచ్చో చాలా డిస్కుల మీదే అచ్చువేసి ఉంటుంది. కొలిపించి, అంతకంటే తగ్గితే మార్చండి. ఒక పక్కే మార్చవద్దు, ముందు రెండూ కలిపి మార్చాలి. ఘాట్‌లో బ్రేకును ఆపకుండా నొక్కి పట్టకండి, రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి. కాలిపోతున్న డిస్కుల మీద నీళ్లు పోసే అలవాటు కొందరికి ఉంది, దయచేసి ఆ పని చేయకండి.

ప్రశ్న (మహబూబ్‌నగర్): జడ్చర్ల దాటాక విమానం పోతున్నట్టు ఘూమని శబ్దం వస్తోంది, వేగంతో పెరుగుతోంది. రూ.1,200 పెట్టి ఓబీడీ పరికరం (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివేది) కొని ఫోనుకు కలిపాను. తప్పులేవీ లేవంది. పరికరం పాడైందా?

జవాబు: పరికరం బాగానే ఉంది. అది ఇంజన్ కంప్యూటర్ దగ్గరున్న సమాచారాన్నే చదువుతుంది. ఇలాంటి శబ్దం చాలాసార్లు చక్రం బేరింగ్‌ది, అంటే చక్రం సాఫీగా తిరగడానికి దాని మధ్యలో ఉండే భాగానిది. అది అరిగిందని ఆ కంప్యూటర్‌కు తెలిసే మార్గం లేదు. ఖాళీ రోడ్డు మీద 60 వేగంతో వెళ్తూ స్టీరింగ్‌ను మెల్లగా కుడికి, ఎడమకు తిప్పండి. కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే ఎడమ పక్క బేరింగ్‌ను అనుమానించాలి. ఎటు తిప్పినా తేడా లేకపోతే టైరు ఎగుడుదిగుడుగా అరిగి ఉండవచ్చు, అరచేత్తో నిమిరితే రంపం పళ్లలా తగులుతుంది. బేరింగే అయితే చక్రాన్ని జాకీ మీద లేపి, స్ప్రింగు మీద వేళ్లు ఆనించి తిప్పమనండి. గరగర వేళ్లకు తెలుస్తుంది. తెలిసిన వారంలోనే మార్పించండి, పూర్తిగా వదులైతే చక్రమే పట్టు తప్పుతుంది.