ఇంటెగ్రిన్‌కూ పిఐపి2 ఎంజైమ్‌కూ మధ్య టాలిన్

కణం ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ పూసిన అద్దానికి అతుక్కున్నప్పుడు, ఆ పట్టునిచ్చే ఇంటెగ్రిన్ అనే పొర ప్రోటీన్ లోపలి వైపున, కణపొరలోని పిఐపి2 అనే లిపిడ్‌ను తయారుచేసే ఎంజైమ్‌ను తానే పట్టుకుంటుందా అని మీరు అడిగారు. పీహెచ్‌డీ నాటి నుంచి నా పని ఈ అతుకుల మీదే. సాధారణంగా వాటిని కలిపేది టాలిన్ అనే ప్రోటీన్.

ఈ సంగతిని 2002లో అమెరికాలోని యేల్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాల బృందాలు నేచర్ పత్రికలో వేర్వేరుగా ప్రకటించాయి. ఆ ఎంజైమ్ టైప్ 1 గామా పిఐపి కైనేజ్ (కైనేజ్ అంటే ఫాస్ఫేట్ చేర్చే ఎంజైమ్). పిఐ4పి అనే లిపిడ్‌కు మరో ఫాస్ఫేట్ చేర్చి పిఐపి2గా మారుస్తుంది. ఒకే జన్యువు నుంచి వచ్చే దాని రూపాల్లో, తోక చివర సుమారు పాతిక అమైనో ఆమ్లాలు అదనంగా ఉన్నది మాత్రమే టాలిన్ తలలోని ఎఫ్3 అనే భాగంలో ఒక గాడికి అతుక్కుంటుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇంటెగ్రిన్ బీటా గొలుసు తోక కూర్చునేది కూడా ఎఫ్3లోని ఆ గాడిలోనే కనుక, ఒక టాలిన్ తల ఒకే సమయంలో రెండింటినీ పట్టుకోలేదు. టాలిన్ జంటగా ఉంటుంది కాబట్టి చెరొక తల చెరొకదాన్ని పట్టుకుంటుందని కొందరంటారు. నాకు మాత్రం వంతులవారీ వివరణే సబబుగా తోస్తుంది: టాలిన్ వెంట వచ్చిన ఎంజైమ్ అక్కడికక్కడే పిఐపి2ను తయారుచేస్తుంది, ఆ పిఐపి2 ముడుచుకుని ఉన్న టాలిన్‌ను విప్పడానికి తోడ్పడుతుంది, ఆపైన గాడి ఇంటెగ్రిన్‌కు దక్కుతుంది. ఇంటెగ్రిన్ పట్టు వల్ల మేల్కొనే ఫాక్ (FAK), సార్క్ (Src) అనే కైనేజ్‌లలో రెండోది ఎంజైమ్ తోకలోని ఒక టైరోసిన్ అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలించి టాలిన్‌తో బంధాన్ని బిగిస్తుంది కాబట్టి, ఇది తనను తాను పెంచుకునే చక్రం. కణాలను ఒకదానితో ఒకటి అతికించే ఈ-కేడ్హెరిన్ ప్రోటీన్ సంగతి వేరు. అది ఇదే ఎంజైమ్‌తో నేరుగా కలుస్తుందని 2007 నాటి పని చూపింది.

మీరు ప్రయోగం చేయబోతున్నట్లయితే, ఎలుక కణాల్లో ఈ ఎంజైమ్ ప్రధాన రూపాలు రెండూ 87, 90 కిలోడాల్టన్ల దగ్గర దాదాపు అంటుకుని కనిపిస్తాయి; తక్కువ శాతం జెల్‌ను ఎక్కువసేపు నడిపితేగాని మాకు అవి విడిపోలేదు. పిఐపి2ను చూడటానికి పిఐపి2ను పట్టుకునే పీఎల్‌సీ డెల్టా1 ఎంజైమ్ పీహెచ్ భాగాన్ని జీఎఫ్‌పీ అనే వెలిగే ప్రోటీన్‌తో జోడించి వాడటం మామూలే కానీ, కణం అంచున పొర మడతపడిన చోట కూడా అది వెలుగుతుంది. కాబట్టి అదే కణంలో మరో రంగు పొర గుర్తును పెట్టి, రెండింటి నిష్పత్తినే లెక్కలోకి తీసుకోండి. ఆ పీహెచ్ భాగానికి పిఐపి2 విడిపోతే వచ్చే ఐపి3 అన్నా మక్కువే కనుక, వెలుగు తగ్గినంత మాత్రాన పిఐపి2 తగ్గిందని తీర్మానించకూడదు. యాంటీబాడీతో రంగు వేస్తే ఇంకా జాగ్రత్త అవసరం: కణాలను బిగించడానికి వాడే పారాఫార్మాల్డిహైడ్ ఈ లిపిడ్‌ను కదలకుండా కట్టిపడేయదు, పైగా పొరకు రంధ్రాలు చేయడానికి వాడే ట్రైటన్ అనే డిటర్జెంట్ దాన్ని కడిగేస్తుంది లేదా గుంపులుగా పేరుస్తుంది. కొద్దిగా గ్లూటరాల్డిహైడ్ కలిపి, ట్రైటన్‌కు బదులు సాపోనిన్ వాడి, అన్ని దశలనూ మంచు మీదే నడపడం మాకు మేలనిపించింది.