కేస్‌షీట్ చదవడం వచ్చా? సగం దారి వచ్చినట్టే

ప్ర: ఫార్మ్‌-డి ఐదో సంవత్సరం చదువుతున్నాను. ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డులపై పరిశోధన చేయాలని ఉంది. ప్రోగ్రామింగ్ రాదు. ముందు మెడికల్ కోడింగ్ కోర్సు చేయమని స్నేహితులు అంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జ: పేరులో కోడింగ్ ఉన్నా మెడికల్ కోడింగ్ మీరు వెతుకుతున్న దారి కాదు. డిశ్చార్జి సమ్మరీ చూసి బీమా బిల్లుకు ఐసీడీ (జబ్బుల), సీపీటీ (చికిత్సల) కోడ్‌లు వేయడం ఆ పని. ఉద్యోగంగా దానికి వంక పెట్టనక్కర్లేదు. పరిశోధకులు మాత్రం అదే కోడ్‌ను అనుమానంగా చూస్తారు: ఇది రోగి జబ్బును చెబుతోందా, బిల్లు అవసరాన్ని చెబుతోందా?

మీకు ముందు కావాల్సింది ఎస్‌క్యూఎల్, అంటే పట్టికల్లోని డేటాను వెతికి తీసే భాష. రికార్డులన్నీ పట్టికల్లో ఉంటాయి కాబట్టి పైథాన్ కంటే ముందు ఇదే నేర్చుకోండి. రోజుకు గంట చొప్పున రెండు నెలలు కూర్చుంటే జాయిన్లు (పట్టికలను కలపడం), గ్రూప్ బై (గుంపులుగా లెక్కించడం), విండో ఫంక్షన్ల (వరుసలను ఒకదానితో ఒకటి పోల్చడం) వరకు వస్తుంది. ఆ తర్వాత గణాంకాల కోసం ఆర్ (R) భాష గానీ పైథాన్ గానీ, ఏదో ఒక్కటే పట్టుకోండి.

సాధనకు అమెరికాలోని ఎంఐటీ బృందం ఫిజియోనెట్ అనే వైద్య డేటా వెబ్‌సైట్‌లో ఉంచిన మిమిక్-4 డేటాబేస్ ఉంది. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి రోగుల వివరాలను గుర్తింపులు తొలగించి అందులో పెట్టారు. 100 మంది రోగుల డెమోకు అనుమతి అక్కర్లేదు, ఈరోజే దించుకోవచ్చు. పూర్తి డేటా కూడా ఉచితమే. దానికి సిటీ (CITI) ప్రోగ్రాం అనే పరిశోధన నైతికత శిక్షణ సంస్థ వారి ‘డేటా ఆర్ స్పెసిమెన్స్ ఓన్లీ రీసెర్చ్’ కోర్సు పూర్తిచేసి, మీ గైడ్ పేరు రిఫరెన్సుగా ఇచ్చి, ఒప్పందంపై సంతకం చేయాలి. చాలామంది సర్టిఫికెట్ అప్‌లోడ్ చేసి వెనక్కి తిప్పించుకుంటారు. అడిగేది కంప్లీషన్ రిపోర్టు. అనుమతి వచ్చాక ఆ వరుసలను చాట్‌జీపీటీ లాంటి బయటి సేవల్లో పేస్ట్ చేయకండి, ఒప్పందం ఉల్లంఘించినట్టవుతుంది. తేదీలు 2150 అని కనిపిస్తే కంగారు పడొద్దు. గోప్యత కోసం ఒక్కో రోగి తేదీలను ఒక్కో లెక్కన జరిపారు. ఒకే రోగి విషయంలో రోజుల తేడా మాత్రం సరిగానే ఉంటుంది.

వార్డులో డ్రగ్ చార్టు చూసిన అనుభవం ఇక్కడ అక్కరకొస్తుంది. డాక్టరు రాసిన మందు, నర్సు ఇచ్చిన మందు ఒకటే కానక్కర్లేదని మీకు తెలుసు. మిమిక్-4లో రాసింది ‘ప్రిస్క్రిప్షన్స్’ పట్టికలో, ఇచ్చింది ‘ఈమార్’ పట్టికలో ఉంటాయి. ఆ ఆసుపత్రిలో ఈమార్ (మందు ఇచ్చినప్పుడే కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి) 2011-13 మధ్య విడతలవారీగా వచ్చింది. అంతకుముందు చేరిన రోగికి అందులో వరుస లేకపోతే మందు ఇవ్వలేదని అర్థం కాదు. కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చినవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇలాంటి చోటే.

మొదటి ప్రాజెక్టుగా వాంకోమైసిన్, పిపరాసిలిన్-టాజోబాక్టం అనే యాంటీబయాటిక్ మందులు కలిపి ఇచ్చినవారిలో కిడ్నీ దెబ్బను తీసుకోండి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) 48 గంటల్లో 0.3 మి.గ్రా./డె.లీ. పెరిగితే, లేదా 7 రోజుల్లో బేస్‌లైన్‌కు (దెబ్బకు ముందున్న స్థాయికి) 1.5 రెట్లయితే కేసుగా లెక్కించండి. డెమోలో క్వెరీలు (ఎస్‌క్యూఎల్‌లో రాసిన ప్రశ్నలు) సరిచూసుకుని పూర్తి డేటాకు వెళ్లండి, 100 మందితో ఫలితం తేలదు. అసలు తలనొప్పి అప్పుడు మొదలవుతుంది. చేరిన రోజు క్రియాటినిన్‌నే బేస్‌లైన్ అనుకుంటే, అప్పటికే కిడ్నీ దెబ్బతిన్న రోగి మీ లెక్కలోంచి జారిపోతాడు. పిపరాసిలిన్ కిడ్నీని దెబ్బతీయకుండానే క్రియాటినిన్‌ను కాస్త పెంచగలదన్న వాదనా ఉంది. పైగా పరిస్థితి విషమించిన వారికే రోజూ పరీక్ష చేస్తారు, పరీక్షే చేయనివారిలో కేసు కనబడదు.

ఈ చివరి సంగతిని తేలిగ్గా తీసుకోకండి. బోస్టన్‌లోని రెండు ఆసుపత్రుల రికార్డులపై 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, 174 ల్యాబ్ పరీక్షలకు గాను 118 విషయాల్లో రోగి బతికే అవకాశాన్ని పరీక్ష ఫలితం కన్నా, ఆ పరీక్షను ఎప్పుడు రాశారన్నదే మెరుగ్గా చెప్పింది. అర్ధరాత్రి రక్తపరీక్ష రాశారంటేనే డాక్టరుకు ఏదో అనుమానం వచ్చిందన్నమాట. ఖాళీ గడిని సగటుతో నింపేసే ముందు ‘ఎందుకు ఖాళీగా ఉంది’ అని అడగాలి.

మన దగ్గర హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన ‘ఐస్మార్ట్’ రికార్డుల ఆధారంగా చాలా పత్రాలు ప్రచురించింది. రెండు మూడు చదవండి, మన రోగుల డేటాతో ఎలాంటి ప్రశ్నలు వేయొచ్చో తెలుస్తుంది. 2021 సెప్టెంబరులో దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, ఆరోగ్య రికార్డులు పంచుకోవడానికి వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంపై నడుస్తుంది, దాన్నీ పరిచయం చేసుకోండి. వైద్య పదాలకు కోడ్‌లిచ్చే స్నోమెడ్ సీటీ, ల్యాబ్ పరీక్షలకు కోడ్‌లిచ్చే లోయింక్ ఏమిటో తెలిస్తే ప్రస్తుతానికి చాలు. మీ ఆసుపత్రి రికార్డులు వాడాలంటే, పాతవైనా సరే, సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. రోగి సమ్మతి నుంచి మినహాయింపు ఇవ్వాల్సింది కూడా ఆ కమిటీయే, మీ గైడ్ కాదు.

ఐదో ఏడాదిలో ఆరు నెలల ప్రాజెక్టు, ఫార్మకోఎపిడెమియాలజీ సబ్జెక్టు ఎలాగూ ఉన్నాయి. పై ప్రశ్నను ఆ ప్రాజెక్టుగానే చేయగలరేమో ఈ వారమే గైడ్‌ను అడగండి. క్వెరీలను గిట్‌హబ్‌లో (కోడ్ పంచుకునే వెబ్‌సైట్) పెట్టండి, రోగుల డేటా మాత్రం అక్కడికి పోకూడదు. తర్వాత ఫార్మా సంస్థల రియల్ వరల్డ్ ఎవిడెన్స్ (మామూలు చికిత్సల డేటాను విశ్లేషించే) విభాగాలకు దరఖాస్తు చేసినా, విదేశాల్లో బయోమెడికల్ ఇన్ఫర్మాటిక్స్‌కు వెళ్లినా కోర్సు సర్టిఫికెట్ల కన్నా ముందు చూపించాల్సింది ఆ పనినే.