వైద్య కళాశాలలో మూలవాసుల ఆరోగ్య పాఠం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఆస్ట్రేలియాలో వైద్యవిద్య చదువుతోంది. అక్కడి మూలవాసుల ఆరోగ్యం గురించి మొదటి ఏడాది నుంచే చదవాలనీ, దాన్ని చూసుకోవడానికి కళాశాలలో ప్రత్యేకంగా ఒక సమన్వయకర్త ఉన్నారనీ చెప్పింది. సబ్జెక్టు చెప్పడానికి అధ్యాపకులు ఉండగా ఈ సమన్వయకర్త చేసే పని ఏమిటి? (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: మూలవాసుల ఆరోగ్యం అనాటమీలాగా ఒక్క విభాగంలో మొదలై అక్కడే ముగిసే సబ్జెక్టు కాదు. ఆస్ట్రేలియా మూలవాసులైన అబోరిజినల్ ప్రజల పిల్లల చెవుల్లో చీము గురించి ఇ.ఎన్.టి. విభాగం చెబుతుంది, కీళ్లవాత జ్వరంతో దెబ్బతిన్న గుండె కవాటాల గురించి జనరల్ మెడిసిన్ వాళ్లు చెబుతారు, డయాలసిస్ గురించి నెఫ్రాలజీ వాళ్లు చెబుతారు. ఈ జబ్బులన్నీ ఒకే ప్రజలను ఇంతగా ఎందుకు పట్టి పీడిస్తున్నాయి, భూములు పోవడానికీ, పిల్లలను తల్లిదండ్రుల నుంచి ప్రభుత్వమే లాక్కుపోవడానికీ ఈ జబ్బులతో ఏం సంబంధం ఉంది అన్న ప్రశ్న మాత్రం ఏ విభాగం టైంటేబుల్లోనూ కనిపించదు. ఆ ప్రశ్న అన్ని సంవత్సరాల్లోనూ, అన్ని విభాగాల్లోనూ, చివరికి పరీక్షలోనూ ఎదురయ్యేలా చూడడమే సమన్వయకర్త పని.

ఈ ఏర్పాటు వెనుక ఇరవై ఏళ్లకు పైబడిన కృషి ఉంది. ఆస్ట్రేలియా వైద్య కళాశాలల డీన్ల సంఘం 2004లో మూలవాసుల ఆరోగ్యానికి ఉమ్మడి పాఠ్యప్రణాళికను ఆమోదించింది. 2006లో ఆస్ట్రేలియన్ మెడికల్ కౌన్సిల్ తన గుర్తింపు ప్రమాణాల్లో ఈ విషయాన్ని చేర్చింది. అప్పటి నుంచి దీన్ని పక్కన పెట్టిన కళాశాల తన గుర్తింపు గురించి జవాబు చెప్పుకోవలసిందే. ఈ పాఠం చెప్పే వాళ్లు ఒంటరిగా మిగిలిపోకుండా ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వైద్య కళాశాలలను కలుపుతూ ‘లైమ్’ అనే నెట్‌వర్క్ కూడా ఏర్పడింది.

రోజువారీ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. బోధనకు వాడే కేసుల దస్త్రాన్ని సమన్వయకర్త ఒక్కొక్కటిగా చదవాలి. రోగి అబోరిజినల్ వ్యక్తి అని రాసిన ప్రతి కేసులోనూ మద్యమో, మధుమేహమో, చెప్పిన మాట వినకపోవడమో కనిపిస్తుంటే, ఆ దస్త్రం విద్యార్థులకు వైద్యంతోపాటు చిన్నచూపునూ నేర్పుతున్నట్టే. గుండె కవాటం దెబ్బతిన్న పన్నెండేళ్ల పిల్లవాడి కేసు తీసుకుందాం. బెంజతీన్ పెనిసిలిన్ సూదిమందు ఇరవై ఎనిమిది రోజులకు ఒకసారి చొప్పున ఏళ్ల తరబడి వేయించుకోవాలి. ‘ఇంజెక్షన్లకు సరిగా రావడం లేదు’ అన్న ఒక్క వాక్యంతో ఆ కేసు ముగిసేది. సమన్వయకర్త దాన్ని తిరగరాయిస్తే, క్లినిక్కు ఎంత దూరం, సూదిమందు నొప్పి తగ్గించడానికి ఎవరైనా ఏమైనా చేశారా, ఒకే ఇంట్లో ఎంతమంది పడుకుంటున్నారు, నర్సులు ఎన్నాళ్లకోసారి మారిపోతున్నారు, తల్లికి ఇంటి భాషలో జబ్బు గురించి చెప్పినవాళ్లు ఉన్నారా అని విద్యార్థి అడగవలసి వస్తుంది. జబ్బు అదే, మందు అదే, కానీ తప్పు ఎక్కడుందో వెతికే చోటు మారుతుంది.

ఇక రెండో పని మరింత కష్టమైనది. పాఠం ఏమిటో నిర్ణయించే అధికారంలో మూలవాసులకు భాగం ఉండాలి. సమాజ పెద్దలను ఏడాదికొకసారి పిలిచి, శాలువా కప్పి, ఒక ఉపన్యాసం ఇప్పించి పంపడం భాగస్వామ్యం కాదు. వాళ్ల సమయానికి ఇతర అధ్యాపకులకు ఇచ్చినట్టే పారితోషికం ఇవ్వాలి, విద్యార్థులను ఏ సమాజానికి పంపాలో ఆ సమాజాన్నే అడగాలి, ‘ఈ ఏడాది వద్దు’ అంటే ఆగాలి. 1971లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో అబోరిజినల్ ప్రజలు తమ చేతుల్లోనే ఉండే వైద్య కేంద్రాన్ని మొదలుపెట్టారు. అలాంటి కేంద్రాలు ఇప్పుడు దేశమంతటా ఉన్నాయి కాబట్టి, విద్యార్థులను పంపేటప్పుడు కళాశాల సంప్రదించవలసింది ముందుగా వాళ్లనే.

మూలవాసి విద్యార్థుల ప్రవేశాలు, వాళ్లు మధ్యలో చదువు మానకుండా అండగా ఉండడం కూడా తరచుగా ఈ బాధ్యతతోనే ముడిపడి ఉంటుంది. ఆస్ట్రేలియాలో తొలి అబోరిజినల్ వైద్యురాలిగా హెలెన్ మిల్‌రాయ్ పట్టా అందుకున్నది 1983లో అంటే, అంతకుముందు ఎన్ని తరాలకు ఆ తలుపు మూసి ఉందో ఊహించవచ్చు. న్యూకాజిల్ విశ్వవిద్యాలయం 1985లో మూలవాసి విద్యార్థులకు ప్రత్యేక ప్రవేశాలు మొదలుపెట్టింది. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఆ దేశపు మూలవాసులైన మావోరీ విద్యార్థులకూ, పసిఫిక్ దీవుల విద్యార్థులకూ 1972 నుంచే అలాంటి పథకం ఉంది.

నా అభిప్రాయంలో ఒక కళాశాల చిత్తశుద్ధి తెలియాలంటే రెండు విషయాలు చూస్తే చాలు: సమన్వయకర్తకు పాఠ్యప్రణాళిక సంఘంలో ఓటు ఉందా, ఈ పాఠంలో తప్పిన విద్యార్థి పై తరగతికి వెళ్లగలడా? ఓటు లేకుండా, పరీక్ష లేకుండా, అర్ధకాలిక ఉద్యోగంలో ఒక్క మూలవాసి అధ్యాపకురాలిని కూర్చోబెట్టి మొత్తం బరువు ఆమె మీదే వేసే చోట పని జరగదు, ఆమె ఆరోగ్యం కూడా నిలవదు.

ప్రశ్న: రోగులందరినీ ఒకేలా చూడడమే వైద్యుని ధర్మమని మాకు నేర్పారు. ఒక జాతి గురించి ప్రత్యేక పాఠం పెట్టడం ఆ ధర్మానికి విరుద్ధం కాదా? (విశ్రాంత వైద్యులు, హైదరాబాద్)

జవాబు: మీరు చెప్పిన ధర్మం గొప్పదే. అయితే అది ఆచరణలో తప్పిపోయిన చోట ఏం జరిగిందో చూడండి. 2008 సెప్టెంబరులో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో బ్రయన్ సింక్లెయిర్ అనే మూలవాసి ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగంలో చక్రాల కుర్చీలో కూర్చొని 34 గంటలు ఎదురుచూసి, వైద్యుడు చూడకుండానే చనిపోయారు. ఆయన వయసు 45. వచ్చింది మూత్రాశయంలో ఇన్ఫెక్షన్, నయమయ్యే జబ్బే. తాగి ఉన్నాడనో, తలదాచుకోవడానికి వచ్చాడనో సిబ్బందిలో కొందరు అనుకున్నారని తరువాతి విచారణలో తేలింది. ఆ సిబ్బందిలో ఎవరినైనా ముందురోజు అడిగి ఉంటే, అందరినీ ఒకేలా చూస్తామనే చెప్పి ఉండేవారు. మనకు తెలియకుండా మనసులో పనిచేసే ఊహలను గుర్తుపట్టడం కూడా నాడి చూడడంలాగే నేర్పితే వచ్చే నైపుణ్యం.

కెనడాలో మూలవాసి పిల్లల ఆశ్రమ పాఠశాలల చరిత్రపై విచారణ జరిపిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో ఇచ్చిన 94 పిలుపుల్లో 24వది సరిగ్గా దీని గురించే. వైద్య, నర్సింగ్ విద్యార్థులందరికీ మూలవాసుల ఆరోగ్యం, వాళ్ల పిల్లలను ఉంచిన ఆశ్రమ పాఠశాలల చరిత్ర, ఒప్పందాలు, హక్కులు తప్పనిసరి పాఠంగా ఉండాలని అది కోరింది. ఉత్తర ఒంటారియో వైద్య కళాశాల 2005లో ప్రారంభమైనప్పటి నుంచీ మొదటి ఏడాది విద్యార్థులను నాలుగు వారాలు మూలవాసి సమాజాల్లో ఉంచుతోంది. న్యూజీలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు మరో అడుగు ముందుకు వేశారు. వైద్యం సురక్షితంగా అందిందా లేదా అన్నది తేల్చవలసింది ఇచ్చినవాళ్లు కాదు, పొందినవాళ్లే అని ఆమె వాదించారు. 1990ల తొలి సంవత్సరాల్లోనే ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ దాన్ని స్వీకరించింది. వైద్యులమైన మనకు ఆ మాట మింగుడుపడడం కష్టమే అయినా, నాకు అందులో న్యాయం కనిపిస్తోంది.

ప్రశ్న: ఉమ్మడి ఆదిలాబాద్ ప్రాంతంలో ఒక వైద్య కళాశాలలో కమ్యూనిటీ మెడిసిన్ బోధిస్తున్నాను. ఇలాంటిది ఇక్కడ సాధ్యమేనా? (ఒక అధ్యాపకుడు)

జవాబు: సాధ్యమే, పైగా మీకు కొంత దారి వేసే ఉంది. ఆసిఫాబాద్, ములుగు, పాడేరు వంటి చోట్ల ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి కాబట్టి ఆదివాసి గ్రామాలు ఇప్పుడు బోధనాసుపత్రికి దగ్గరలోనే ఉన్నాయి. జాతీయ వైద్య కమిషన్ ప్రవేశపెట్టిన కుటుంబ దత్తత కార్యక్రమం ప్రకారం ప్రతి విద్యార్థి మొదటి ఏడాది నుంచే కొన్ని కుటుంబాల ఆరోగ్యం గమనిస్తూ ఉండాలి. ఆ కుటుంబాలు గోండు, కొలాం గూడేల్లోవైతే, బి.పి. చూసి రికార్డు నింపి వచ్చేయడంతో సరిపెట్టకుండా, గూడెం పెద్దలతో ముందే మాట్లాడి ఏం గమనించాలో వాళ్లతో కలిసి నిర్ణయించండి.

తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త జబ్బు సికిల్ సెల్ ఉదాహరణ తీసుకోండి. 2023 జులైలో దేశవ్యాప్తంగా దాని నిర్మూలన కార్యక్రమం మొదలైంది. దాన్ని నిర్ధారించే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష గురించి మన విద్యార్థులు పేజీలు పేజీలు రాయగలరు. ‘మీ అమ్మాయి రక్తంలో ఈ లక్షణం ఉంది, కానీ ఆమెకు జబ్బు లేదు’ అని ఒక గోండు తల్లికి భయపెట్టకుండా, పెళ్లి సంబంధాల మీద మచ్చ పడకుండా ఎలా చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పడం లేదు. దాన్ని ప్రాక్టికల్ పరీక్షలో ఒక స్టేషన్‌గా, అంటే విద్యార్థి చేసి చూపవలసిన ఒక విడి అంశంగా పెట్టండి. రోగి పాత్రకు గోండి మాట్లాడే ఆశా కార్యకర్తను పిలిచి, గౌరవవేతనం ఇచ్చి, మార్కులు వేయడంలో ఆమెకూ భాగం ఇవ్వండి.

ఇది మన నేలకు కొత్త ఆలోచన కాదు. 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయి గ్రామంలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి, గోండిలో వాచకాలు తయారుచేయించారు. ఈ పనికి అవసరమైన నిధుల కోసం ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐ.టి.డి.ఎ.ను అడగవచ్చు. బాధ్యతను మాత్రం కళాశాలలోనే ఒకరి పేరు మీద రాతపూర్వకంగా పెట్టించండి, లేకపోతే మీ బదిలీతోనే అది ఆగిపోతుంది. గూడెం పెద్దలతో తొలి సమావేశానికి తేదీ మీరు నిర్ణయించి కబురు పెట్టకుండా వాళ్లనే అడగండి, ఎందుకంటే నాగోబా జాతర రోజుల్లోనూ, పత్తి తీసే రోజుల్లోనూ ఎవరికీ వీలుపడదు.